ఇరవై ఏడు డిగ్రీలు

ఆ లాబులో ఎండాకాలమైనా, వానాకాలమైనా ఉష్ణోగ్రత ఇరవై ఏడు డిగ్రీలే. గోడమీద థర్మామీటరు ఏమైనా చెప్పుకోనీండి, ఫారంలో మాత్రం ఇరవై ఏడే. కామాక్షి పదిహేడేళ్ళుగా ఆ అంకె వేస్తోంది. ప్రింటింగు ప్రెస్సు నుంచి కొత్త ఫారాల కట్ట రాగానే, తీరికైన మధ్యాహ్నం ఒకటి చూసుకుని, ముప్ఫై నలభై కాయితాల్లో ఆ గడి ముందే నింపేసి పెట్టుకునేది. పని బాగా అలవాటైన మనిషికి చెయ్యి ముందు నడుస్తుంది, కళ్ళు తీరిగ్గా వెనకాల వస్తాయి.

తాడేపల్లిగూడెంలో శేషగిరిరావుగారి మట్టి పరీక్షల లాబంటే రోడ్లు వేసేవాళ్ళకీ చెరువులు తవ్వేవాళ్ళకీ తెలుసు. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరై పెట్టుకున్న లాబు అది. పైన రెండు గదులు, కింద మట్టి బస్తాలు. చేసేదంతా కామాక్షే. పరీక్షించినవారు అన్నచోట ఆమె సంతకం పడితేగాని, దాని కింద ఆయన సంతకం పెట్టరు. అది ఆయన పెట్టుకున్న నియమం.

మే నెల గురువారం ఉదయం ఆమె గాజుగొట్టం ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఉంది. గొట్టం కింద ఇత్తడి డబ్బా. డబ్బా నిండా దిట్టంగా దట్టించిన కొల్లేటి బంకమన్ను. అడుగున నీళ్ళు పారే సన్న రంధ్రాల రాయి ఒకటి, పైన ఒకటి. ఆరు రోజులు నానబెట్టాక నిన్న పైనుంచి నీళ్ళు వదిలింది. ఆ నీళ్ళు మన్ను గుండా దిగాలి. మంచి బంకమన్నులో నీళ్ళు దిగడం చూడాలంటే ఓపిక కావాలి. గంటకు ఏడు మిల్లీమీటర్లు. ఆమె స్కేలు ఆనించి చూసి, గోడ గడియారం వంక చూసి, రాసుకుంది.

ఆ మన్ను కట్టలంక నుంచి వచ్చింది. ఏలూరు దాటి కొల్లేట్లోకి వెళ్ళాక, చేపల చెరువుల మధ్య ఉన్న ఊరు. అక్కడ కొత్తగా చేపపొడి ఫ్యాక్టరీ కట్టారు. చేపల్ని ఉడికించగా మిగిలే వేడి కంపునీళ్ళను శుభ్రం చేసేలోపు నిలవబెట్టడానికి ఒక గుంట తవ్వి, అడుగునా చుట్టూ మన్ను దట్టించారు. ఆ గుంటకీ ఊరి మంచినీళ్ళ చెరువుకీ మధ్య ఒక్కటే గట్టు. మన్నులోంచి నీరు సెకనుకు సెంటీమీటరులో కోటో వంతు కంటే నెమ్మదిగా దిగితే గుంట పాసు. ఎక్కువైతే ఫెయిలు. నిన్నటి లెక్కకి కోటో వంతులో నూటికి తొంభై ఒక్క పాళ్ళు వచ్చింది. పాసు.

పదకొండింటికి ఫణికిరణ్ వచ్చాడు. ఫ్యాక్టరీ తరఫున పని చూసే ఇంజనీరు. ముప్ఫై ఏళ్ళుంటాయి, చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చే మర్యాదస్తుడు.

“మేడమ్, శనివారానికి రిపోర్టు ఇచ్చేస్తారాండి? సోమవారం ఉదయం నీళ్ళు వదలాలి. మా పెద్దవాళ్ళు ముహూర్తం కూడా పెట్టేశారు.”

“ఇంకో రెండు రీడింగులు చూసి ఇచ్చేస్తానండి. బాగానే వస్తోంది, తొంభై ఒకటి.”

“మీ చేతిమీద పోయిన పని ఏదుందండి!” అని నవ్వి, ఫ్రిజ్‌లోంచి చల్లటి సీసా ఒకటి తనే తీసుకుని తాగి వెళ్ళాడు. ఆ మాటకి కామాక్షికి లోలోపల సంతోషం కలిగింది. కలగదా మరి!

సాయంత్రం ఫోను మోగింది. కట్టలంక కనకరత్నం. మట్టి తొక్కే ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రి. రోలరు తిరగలేని మూలల్లో, వాలుల్లో, దిమ్మిసలు పెట్టి కొట్టి, కాళ్ళతో తొక్కి మన్ను దట్టించేది ఆ ముఠాయే. మన్ను తియ్యడానికి వెళ్ళినరోజు కామాక్షికి ఆమె మజ్జిగిచ్చింది.

“అమ్మగారూ, ఒక్క మాటండి. మేం మూకుడు పెట్టి చూశామండి.”

కామాక్షికి ఆ పద్ధతి తెలుసు. పని ముగిశాక ముఠావాళ్ళు అదే మన్నుతో మూకుడంత గిన్నె చేసి, జల్లించిన బూడిద మీద పెట్టి, సాయంత్రం నీళ్ళు పోస్తారు. తెల్లారి బూడిద పొడిగా ఉంటే పని అయినట్టు. అప్పుడే దిమ్మిసలు కడిగి ఎత్తుతారు. బూడిద తడిస్తే మళ్ళీ తొక్కుతారు.

“పొడిగానే ఉండుంటుందిగా?”

“చన్నీళ్ళకి పొడిగానే ఉందండి. ఫ్యాక్టరీవోళ్ళు వదిలేది మసిలే నీళ్ళంట కదాని, నాకెందుకో అనుమానం వచ్చి, ఇంకో మూకుడులో కాచిన నీళ్ళు పోశానండి. చల్లారినప్పుడల్లా తీసేసి మళ్ళీ కాచి పోశాను. తెల్లారేసరికి బూడిద ముద్దయిపోయిందండమ్మా.”

“ఆవిరి చెమ్మ అయ్యుంటుందండి కనకరత్నంగారూ.”

“ఆవిరి పైకి పోద్ది కదండి? బెల్లంపాకం చల్లారితే గరిటె దిగదు, వేడిమీద ఉంటే జారిపోద్ది. నీళ్ళూ అంతేనేమోనండి.”

కామాక్షి నవ్వింది. నీళ్ళు పాకమేమిటి! “లాబులో పరీక్ష చేస్తున్నాంగా. మీరు దిగులు పడకండి” అంది.

“మరేనండి. మీరు చూస్తే సరే. దిమ్మిసలు మాత్రం ఇంకా ఎత్తలేదండి” అని కనకరత్నం పెట్టేసింది.

శుక్రవారం పన్నెండింటికి వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మని పేలింది. ఏసీ ఆగిపోయింది. ఇన్వర్టరు మీద ఒక ఫ్యానూ రెండు లైట్లూ మిగిలాయి. మట్టి ఆరబెట్టే ఓవెను వేడి ఇంకా తగ్గలేదు. గంట గడిచేసరికి గది పెనంలా కాలింది. కామాక్షి కొంగుతో మెడ తుడుచుకుంటూ రీడింగుల వేళ తప్పకుండా కూర్చుంది.

మూడింటి రీడింగుకీ నాలుగింటి రీడింగుకీ మధ్య తొమ్మిది మిల్లీమీటర్లు దిగింది.

ఆమె మళ్ళీ చూసింది. తొమ్మిదే. ఎక్కడో కారుతోందనుకుంది. డబ్బా చుట్టూ వేలితో తడిమింది. పొడిగా ఉంది. రబ్బరు వాషరు దగ్గర సబ్బు నురుగు రాసి చూసింది. బుడగ రాలేదు. మరలు బిగించింది. ఐదింటికి మళ్ళీ తొమ్మిది, దానిమీద ఒక వెంట్రుకవాసి.

ఐదున్నరకి కరెంటు వచ్చింది. ఏసీ మూలిగి మొదలైంది. ఆమె ఇంటికి వెళ్ళలేదు. ఏడింటికి తగ్గింది. ఎనిమిదింటికి గది చల్లబడి, డబ్బా చేతికి చల్లగా తగిలాక, గంటకు ఏడు.

కారితే చల్లబడగానే ఆగదు.

అప్పుడు ఆమె లేచి గోడ దగ్గరికి వెళ్ళి, క్యాలెండరు పక్కకి జరిపి, దాని వెనక థర్మామీటరు చూసింది. అలా చూడడం ఎన్నాళ్ళకో! పాదరసం ఇరవై దగ్గర ఉంది. చేతిలో ఫారం. అందులో తన అక్షరాల్లో, తన సిరాతో, ఇరవై ఏడు.

ముక్కాలిపీట మీద కూర్చుండిపోయింది.

ఆ గడి ఎందుకుందో ఆమెకు తెలియక కాదు. డిప్లొమాలో చదువుకుంది. నీళ్ళు చల్లగా ఉంటే చిక్కనవుతాయి, మన్ను సందుల్లో దిగడానికి బద్ధకిస్తాయి. వేడెక్కితే పల్చనై జారిపోతాయి. కాబట్టి గది ఎంత వేడిగా ఉంటే అంత రాసి, పట్టిక చూసి, ఇరవై ఏడుకి సరిచెయ్యాలి. గది నిజంగానే ఇరవై ఏడైతే సరిచేసే పనే లేదు. ఇరవై ఏడని రాసేస్తే కూడా సరిచేసే పనే లేదు! పూర్వం ఏసీ లేనప్పుడు గది ముప్ఫై దాటి ఉండేది. అప్పుడు తప్పు రాసినా మన్ను ఉన్నదానికంటే చెడ్డగా కనపడేది, ఎవరికీ నష్టం లేదు. ఐదేళ్ళ కిందట కంప్యూటరు కోసమని ఏసీ కొన్నారు. ఓవెను వేడికి తట్టుకోలేక దాన్ని ఇరవై దగ్గర పెట్టుకున్నది తనే. ఆనాటి నుంచి మన్ను ఉన్నదానికంటే మంచిగా కనపడుతోంది.

కోడు పుస్తకం వెనక పట్టిక తీసింది. ఇరవైకీ ఇరవై ఏడుకీ మధ్య వందకి పద్దెనిమిది పాళ్ళు తేడా. తొంభై ఒకటి కాస్తా నూట ఏడైంది. కాలిక్యులేటరు నమ్మక కాయితం మీద గుణించింది. నూట ఏడే.

ఫెయిలు.

బెల్లంపాకం మాట గుర్తొచ్చి సిగ్గుతో ముఖం వేడెక్కింది.

శనివారం ఆమె ఏడింటికే తాళం తీసింది. తారు రోడ్డు బిళ్ళల్ని పరీక్షించే నీళ్ళతొట్టి ఒకటి లాబులో ఉంది. దాన్ని ఒకసారి ఆన్ చేస్తే నీళ్ళు అరవై డిగ్రీల దగ్గర కదలకుండా నిలబడతాయి. ఇత్తడి డబ్బాని మెల్లిగా అందులో దింపింది. మన్ను నడిమిదాకా వేడెక్కాలి కాబట్టి నాలుగు గంటలు ముట్టుకోలేదు. పదకొండు నుంచి పన్నెండు దాకా చూసింది. పదిహేను మిల్లీమీటర్లు. ఇరవై డిగ్రీల దగ్గర దిగినదానికి రెండింతల పైనే.

పన్నెండున్నరకి శేషగిరిరావుగారు, ఆయన వెనకే ఫణికిరణ్ వచ్చారు. ఆమె రెండు కాయితాలు బల్లమీద పెట్టింది. ఒకదాంట్లో ఇరవై ఏడు కొట్టేసి, పక్కన ఇరవై వేసి, పొట్టి సంతకం చేసి ఉంది. రెండోది అరవై డిగ్రీల లెక్క.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. మళ్ళీ చదివారు. తరవాత లేచి వెళ్ళి క్యాలెండరు జరిపి తనే థర్మామీటరు చూసుకున్నారు.

“ఎన్నాళ్ళనించమ్మా ఇది?”

“ఏసీ కొన్నప్పటినించండి.”

ఆయన గోడవారన ఉన్న ఇనప బీరువా వంక చూశారు. ఐదేళ్ళ రిపోర్టుల నకళ్ళు అందులోనే ఉన్నాయి. అన్నిటిమీదా రెండు సంతకాలు, పైన ఆమెది, కింద ఆయనది. కామాక్షి కూడా అటు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది.

ఫణికిరణ్‌కి విషయం అర్థమయ్యేసరికి మొహంలో రంగు మారింది.

“ఈ అరవై ఎక్కణ్ణించి వచ్చిందండి మేడమ్? మా స్పెసిఫికేషన్లో ఇరవై ఏడనే ఉంది. వేడి మాటే లేదు.”

“మీ గుంటలోకి వచ్చే నీళ్ళు ఎంత వేడిమీద ఉంటాయండి?”

“అది... యాభై, అరవై. కానీ అడగనిది ఎందుకండి రాయడం?”

“అడగనిది తీసెయ్యమంటే తీసేస్తానండి. అడిగిన ఇరవై ఏడుకే నూట ఏడొచ్చింది.”

“నిన్నటిదాకా తొంభై ఒకటన్నారు!”

“నిన్నటిదాకా తప్పు రాశానండి.”

అని ఆమె కొట్టేసిన ఇరవై ఏడు మీద వేలు పెట్టి చూపించింది.

ఫణికిరణ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గొంతు తగ్గించాడు. “సరేనండి, ఫెయిలే రాయండి. కారణం దగ్గర మాత్రం, మూలల్లో మన్ను సరిగా దట్టించలేదు అని ఒక్క ముక్క రాయండి. ఆ తొక్కుడు ముఠా చేత వారం రోజుల్లో మళ్ళీ తొక్కించేస్తాం. డిజైను జోలికి ఎవరూ రారు. మీ ఇరవై ఏడు గొడవ కూడా ఎవరికీ తెలీదు. అందరం బయటపడతాం కదండి?”

పాపం అతను చెడ్డవాడు కాడు. అతని మీద పైవాళ్ళున్నారు. పైవాళ్ళున్న ప్రతివాడికీ కిందవాళ్ళు ఎవరో ఒకరు కావాలి. ఇక్కడ ఆ కిందవాళ్ళు కనకరత్నమూ, ఆవిడ వెనక మోకాలి లోతు బురదలో నిలబడ్డ పద్నాలుగుమంది ఆడవాళ్ళూను.

అబద్ధం ఎందుకు, ఒక్క క్షణం కామాక్షికి ఆశ పుట్టింది. బీరువా తెరవక్కర్లేదు. ఎవరూ ఏమీ అడగరు. సోమవారం నుంచి థర్మామీటరు చూసి రాసుకుంటే పోతుంది.

తరవాత ఫైల్లోంచి ఇంకో కాయితం తీసి బల్లమీద పెట్టింది. “మూలల్లో మన్ను ఎంత దిట్టంగా ఉందో ఆ లెక్క ఇదండి. వందకి తొంభై ఎనిమిది. రోలరు తొక్కిన నడిమిభాగంలో తొంభై ఆరే. వాళ్ళు మీ రోలరు కంటే బాగా తొక్కారు. అది నేను రాయలేనండి.”

“సార్, మీరైనా చెప్పండి.” ఫణికిరణ్ శేషగిరిరావుగారి వైపు తిరిగాడు.

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. డెబ్బై దాటిన మనిషి. “ఈ కాయితం బయటికెళ్తే లాబుకి ఎవరొస్తారమ్మా రేపట్నించి?” అన్నారు, ఎవరినీ చూడకుండా.

కామాక్షి పెన్ను తీసి, పరీక్షించినవారు అన్నచోట రెండు కాయితాల మీదా సంతకం చేసింది. దట్టింపులో లోపం లేదు అని ఒక వాక్యం కింద చేర్చింది. కాయితాలు ఆయన వైపు జరిపింది.

ఆమె సంతకం ఉంది కాబట్టి ఇక ఆయన పెట్టాలి, లేదా చింపాలి. ఆయన పెన్ను అందుకుని రెండింటి మీదా పెట్టారు.

ఫణికిరణ్ కాయితాలు కవర్లో పెట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఒక చెప్పు తొడుక్కుని, రెండోది తొడుక్కోకుండానే ఫోను తీసి, “సోమవారం వద్దండి. కాదండి. ఫెయిలండి” అంటూ మెట్లు దిగిపోయాడు.

ఆదివారం పొద్దున్నే కామాక్షి పాసింజరెక్కి ఏలూరులో దిగి, షేర్ ఆటోలో కట్టలంక వెళ్ళింది. ఫోనులో చెప్పొచ్చు. కానీ మొహం చూసి చెప్పాలనిపించింది. ఆవిరి చెమ్మ అన్నందుకు క్షమించమనాలి. అంతేకాదు, మనసులో మూలన ఇంకో కోరికా ఉంది. పదిహేడేళ్ళలో మొదటిసారి తన ఉద్యోగానికి ఎదురు నిలబడింది. ఆ సంగతి వినడానికి తగిన మనిషి ఒకరు ఉండాలి కదా! దారిపొడుగునా చేపల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే చక్రాలు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆ ఉదయం ఆమెకు అంతా బాగానే కనిపించింది.

కనకరత్నం ఇల్లు మంచినీళ్ళ చెరువు గట్టు మీదే. బయటి మనిషి రాగానే వాకిట్లో నులకమంచం వాల్చి, స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చింది. ఎండన పడి వచ్చిన కామాక్షి సగం గ్లాసు గటగటా తాగింది.

తరవాత అంతా చెప్పింది. ట్రాన్స్‌ఫార్మరు పేలడం, ఏడు తొమ్మిదవడం, ఇరవై ఏడు వేసుకుంటూ వచ్చిన అలవాటు, తారు బిళ్ళల తొట్టి, పదిహేను మిల్లీమీటర్లు, నిన్నటి సంతకం. కనకరత్నం మంచం పక్కన నేలమీద కూర్చుని వింది.

“మీరు బాగానే తొక్కారని రాశానండి. రేపు నీళ్ళు వదలడం లేదు. అడుగున ప్లాస్టిక్ షీటో ఏదో వేసి, మళ్ళీ పరీక్షకు రావాల్సిందే.”

“చల్లని మాట చెప్పారండమ్మా.” కనకరత్నం రెండు చేతులూ జోడించింది. కామాక్షి కళ్ళు చెమర్చాయి.

కనకరత్నం చేతులు దించి చెరువు వంక చూసింది. చెరువుకి అవతల ఒడ్డున ఒక చేపల చెరువు, ఇటుపక్కన ఇంకొకటి. వాటిల్లో వేసే మేతలూ మందులూ ఎవరికి తెలుసు? ఎండకి వాటి నీళ్ళు గోరువెచ్చగా, పచ్చగా మెరుస్తున్నాయి.

“అమ్మగారూ, అడక్కూడదేమో గానీ...”

“అడగండి.”

“రెండేళ్ళ కిందట పక్కల చెరువుల నీళ్ళు దిగకుండా ఉంటానికని మా మంచినీళ్ళ చెరువు చుట్టూ మన్ను దట్టించామండి. మా ముఠాయే తొక్కింది. దానికీ మీ తాడేపల్లిగూడెం నుంచే కాయితం తెచ్చారు. పంచాయతీలో గోడకి అంటించారు. మీ సంతకమే కదండి అది?”

“నాదే.”

“దానిమీద కూడా ఇరవై ఏడేనా అండి?”

కామాక్షికి ఆ చెరువు లెక్క ఎంత వచ్చిందో గుర్తులేదు. కోటో వంతుకి దగ్గర్లోనా, దూరంగానా, ఎంత ఆలోచించినా గుర్తుకి రాలేదు. ఆ గడిలో ఏం వేసిందో తెలియడానికి మాత్రం గుర్తుండక్కర్లేదు. నిన్న బీరువా వైపు చూసి చూపు తిప్పుకున్నది ఎందుకో ఇప్పుడు తెలిసింది.

“ఇరవై ఏడే” అంది.

కనకరత్నం కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని కామాక్షికి అనిపించింది. ఇంట్లోంచి ఎవరో బిందె పట్టుకుని వచ్చి, రేవు మెట్లు దిగి, నీళ్ళు ముంచుకుని, వాళ్ళిద్దరినీ ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయారు.

“నాలుగు చోట్ల మన్ను తియ్యాలండి” అంది కామాక్షి చివరికి. “రేపు డబ్బాలు పట్టుకుని వస్తాను. బీరువాలో ఉన్నవన్నీ కూడా తియ్యాలి. ముందు మీదే.”

“తియ్యండి. ఈసారి ఆ గాజుగొట్టం కాడ నేనూ కూచుంటానండి. నాకు అంకెలు రావు గానీ, నీళ్ళు దిగడం కనిపిస్తది కదా.”

“రండి.”

కామాక్షి చేతిలో గ్లాసు ఇంకా అలాగే ఉంది. మిగిలిన సగం నీళ్ళనూ చివరిదాకా తాగి, గ్లాసు మంచం మీద పెట్టింది.

కనకరత్నం దాన్ని తీసుకుంటూ, చూరు కింద గోడకి ఆనించి ఉన్న దిమ్మిసల వంక చూసింది. వాటికి అంటిన మన్ను ఎండి తెల్లబడి ఉంది.

“కడగలేదులెండి ఇంకా” అంది.